రెండు ముక్కుపుల్లల బొమ్మ

మా పక్క గది పెద్దమ్మ పోయింది. కరోనా వచ్చిందని దవాఖానల చేర్పించిన ఆరో నాడు ఫోన్ చేసి చెప్పిన్రు. దూరం నుంచి తెల్లటి మూట చూపిచ్చిన్రు గని, మొఖం చూపియ్యలే. బతుకుదెరువుకొచ్చిన ఈ పరాయి రాష్ట్రంల, భేస్తాన్ బస్తీల ఆమె గదికి నేనే తాళమేసిన.

నాకు సొంత పెద్దమ్మేం కాదు. పోయినేడాది లాక్‌డౌన్‌ల నా భార్య పిల్లల్ని తీస్కొని ఊరికి పోయింది. పెద్దమ్మకున్న ఒక్క బిడ్డ సిరిసిల్లల అత్తగారింట్ల ఉంటది. గోడకు ఇటు నేనొక్కణ్ణి, అటు ఆమె ఒక్కతి. "తిన్నవా" అని ఎన్నడూ అడగలే. పళ్లెం పెట్టి "చెయ్యి కడుక్కో" అనేది, గంతే.

సలాబత్‌పురాల మగ్గాల కార్ఖానకు చీరల డిజైన్లు గీసుడు నా పని. గళ్ల కాగితం మీద పువ్వు సగమే గీస్తం, మిగతా సగం దాన్నే తిప్పి దించుతం. మగ్గాలు బందైన ఆ రోజులల్ల పొద్దుపోక, రొట్టెలు చేస్తున్న పెద్దమ్మను కూసోబెట్టి బొమ్మ గీసిన. అలవాటు పాడుగాను, మొఖం గూడ సగం గీసి మిగతాది తిప్పి దించిన. ఆమెకు ఒక్క దిక్కే ఉన్న ముక్కుపుల్ల, బొమ్మల రెండు దిక్కుల వచ్చింది!

"ఓరి నీ పాసుగాల! ఇది నేనా, చీర కొంగా?" అని కాగితం గుంజుకున్నది. పిండి చేతితోనే ఒక ముక్కుపుల్లను తుడిచింది. పోలే, మసకైంది. ఇద్దరం పడి పడి నవ్వినం.

"కొలవకు బిడ్డా, జర నన్ను జూడు" అని మళ్ల రొట్టెల కాడ కూసున్నది.

చాయ్ పొంగేలోపల ఇంకొకటి గీసిన. పదిహేను గీతలుంటయేమో. చెవి గియ్యనే లేదు. పైకి లేసిన ఒక కనుబొమ్మ, జారిన వెంట్రుకలు, పెదవి మూలకు ఆపుకున్న నవ్వు. మనిషి మనిషే దిగింది. పెద్దమ్మ దాన్ని శానాసేపు చూసింది.

"ఈ ఊర్ల నన్ను గింత మంచిగ చూసినోళ్లు లేరురా" అన్నది.

ఆమె పోయినంక బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ మొఖం ఆఖరుకు గూడ చూడలే. ఆధార్ కార్డుల ఉన్నది మా అమ్మ లెక్కనే లేదు. నువ్వు గీసిన బొమ్మ ఉందట గదా?" అని ఏడ్చింది. చూస్త అన్న. అబద్ధమెందుకు, ఇయ్యబుద్ధి కాలే. దాని లెక్కనే ఇంకొకటి గీద్దామని మూడు రోజులు కూసున్న. గీతలొచ్చినయి గని పెద్దమ్మ రాలే. నాలుగో నాడు రెండు అట్టల నడుమ పెట్టి, ఆ బొమ్మనే పంపిన.

మొదటి బొమ్మను గోడకు అంటిచ్చుకున్న. ఆమె పోలిక రవ్వంత లేదు దాంట్ల. కుడి ముక్కుపుల్ల మీద మాత్రం పెద్దమ్మ వేలిముద్ర ఉన్నది, ఎండిన పిండితోని.