మల్లయ్య ఎక్కిన గాలిమోటరు

దయ్యాలున్నాయంటే నేను ఒప్పుకోను. ఇప్పటికీ ఒప్పుకోను. ఇది చదివి "అయితే మీరూ నమ్ముతున్నారన్నమాట" అని ఉత్తరం రాద్దామనుకునేవాళ్లకి ముందే చెబుతున్నా, ఆ స్టాంపు ఖర్చు దండగ. మా ఆసుపత్రిలో నా గదికీ, శవాల గదికీ మధ్య ఒక్కటే గోడ. అటువైపు చల్లగా ఉంటుందని ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గోడకే వీపు ఆనించి అన్నం తిన్నవాణ్ణి నేను. అటునుంచి ఏనాడూ ఎవరూ పచ్చడి అడగలేదు.

అబుదాబి దగ్గర అల్ ఐన్‌లో విరిగిన ఎముకలకి పిండికట్లు కట్టడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నేను చుట్టిన బ్యాండేజీ విప్పి పరిస్తే మా బాపట్ల దాకా వెళ్లి, స్టేషన్లో టీ తాగి, తిరిగొస్తుంది. మా ఆవిడ సలోమి ఇదే ఆసుపత్రిలో నర్సు. ముందు తనొచ్చింది. తర్వాత ఆ వీసాకి తోకలా వేలాడుతూ నేనొచ్చాను.

నాకో పిచ్చి ఉంది. విమానాల బొమ్మలు చేస్తాను. అందరూ చేసే విమానాలు కాదు. కంపెనీవాళ్లు కాగితం మీద ముచ్చటగా గీసుకుని, ఖర్చు లెక్క చూసి గుండె పట్టుకుని, కాగితం మీదే సమాధి చేసిన విమానాలుంటాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా తయారవని విమానాలు. అవే చేస్తాను.

ఎందుకంటే ఎగిరే విమానం బొమ్మ చేస్తే ఊళ్లో ప్రతివాడూ ఇంజనీరే. "రెక్క ఇలా ఉండదండీ, నేను మొన్ననే ఎక్కాను కదా" అంటాడు. పుట్టని విమానానికి వంక పెట్టే మగాడు భూమండలంలో లేడు. దాని రంగు నా ఇష్టం, దాని పేరు నా ఇష్టం. నా గదిలో నేనే కంపెనీ, నేనే పైలట్టు, నేనే మహారాజుని.

ఖర్జూరపు పెట్టెల చెక్కతో ఒళ్లు చెక్కి, దాని మీద పిండి బ్యాండేజీ చుట్టి, ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతాను. చక్రాలకి ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు. ముందద్దానికి కడిగేసిన ఎక్స్‌రే ఫిల్ము. పిండి ఇల్లంతా పడుతోందని సలోమి తరిమేస్తే, పూర్తయిన బొమ్మలన్నీ నా కట్ల గది అలమారలోనే పెట్టేవాణ్ణి.

ఈ కథకి సంబంధించింది ఒక ఇంగ్లీషు విమానం. ఓ దొర డాక్టరు పారేసిన పాత పత్రికలో దాని బొమ్మ దొరికింది. గర్భిణీ తిమింగలంలా ఉంటుంది. మూడు ఇంజన్లూ తోకలోనే. ఆ బరువుకి నా బొమ్మ ముక్కు ఆకాశానికెత్తి, తోక మీద చతికిలబడేది. పత్రికలో పక్కనుంచి గీసిన బొమ్మ, పైనుంచి గీసిన బొమ్మ మాత్రమే ఉన్నాయి. కిందినుంచి ఎలా ఉంటుందో, లోపలేముందో ఎవడికీ తెలియదు. నా బొమ్మకి లోపలంటూ లేనే లేదు, మొత్తం చెక్కే.

అది అలమార ఎక్కిన వారమే మల్లయ్య వచ్చాడు. జగిత్యాల పక్క పల్లె, మేస్త్రీ పని, పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు విరగడం కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది అతనికి. పాస్‌పోర్టులో ఈ దేశంలోకి వచ్చినట్టు ముద్ర లేదు. ముద్ర లేదంటే దొంగతనంగా లాంచీలో సముద్రం దాటి వచ్చినవాడని లెక్క. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు సంగతి బయటపడింది. కాలు బాగవగానే జవాజాత్ ఆఫీసుకి, అంటే పాస్‌పోర్టులు చూసే ఆఫీసుకి, వెళ్లి సంజాయిషీ చెప్పాలి. అక్కడ తేడా వస్తే నేరుగా ఇంటికే. ఊళ్లో బావి సగం తవ్వి, బండ పడితే, ఆ బండ పగలగొట్టే సంపాదన కోసం వచ్చిన మనిషి.

వార్డులో అందరూ అతన్ని లాంచీ మల్లయ్య అనేవారు. అతను మాత్రం విమానంలో వచ్చానని మంకుపట్టు.

నేను కట్టు కడుతుంటే అలమార వైపు చూసి, "సారూ, గీ గాలిమోటరు మీకెక్కడ దొరికింది?" అన్నాడు.

నేనే చేశానన్నాను, కాస్త ఛాతీ పొంగించి.

"మంచిగనే జేసిండ్రు గని, తలుపు తప్పు పెట్టిండ్రు. పక్కకెందుకు పెట్టిండ్రు? దీనికి కడుపు కిందికెల్లి గదా ఎక్కేది."

చేతిలో తడి బ్యాండేజీ గట్టిపడిపోతోంది. నువ్వెక్కావా దీన్ని, అన్నాను.

"ఎక్కకపోతే బొంబాయికెల్లి గీడికి నడిసి అచ్చిన్నా?"

పక్క మంచం నుంచి ఒకతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ నా నవ్వుకి కొంచెం ఒళ్లు మండింది. ఇంతకాలానికి నా పుట్టని విమానానికి వంక పెట్టేవాడు పుట్టాడు! మల్లయ్య మాత్రం తాపీగా చెప్పుకుపోయాడు. అది తోక మీద కూలబడుతుందట, అందుకే ఇంజన్లు మొదలయ్యేదాకా అందర్నీ ముందు వైపు కుక్కి కూర్చోబెట్టారట. ఇసుకలో దిగిందట. అక్కణ్ణుంచి లారీలో తిన్నగా పనిలోకే పట్టుకుపోయారట, పాస్‌పోర్టు అడిగిన నాథుడే లేడట.

నా దగ్గర వివరణ సిద్ధంగా ఉంది. ఏజెంటు ఇతన్ని లాంచీ అడుగున పడుకోబెట్టి ఉంటాడు, జ్వరంలో ఏదో కలగని ఉంటాడు. ఆ మాటే అంటే మల్లయ్యకి కోపమొచ్చింది. "సముద్రం ఎట్లుంటదో నేను గిప్పటిదాక సూడనే లే సారూ. సూడని సముద్రం మీదికెల్లి ఎట్లస్త?" అన్నాడు. బొంబాయిలో కూడా మూసిన లారీలోనే తిప్పారట.

సరేలే, ఏదో ఒకటి అనుకుని వదిలేశాను. మళ్లీ కట్టు మార్చే రోజున అతనన్న మాట మాత్రం వదల్లేదు.

ఈసారి బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "తోక మీద పాలపిట్ట ఉండాలె గద సారూ, ఎందుకు తుడిసిండ్రు?" అన్నాడు.

ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి. ఆ విమానానికి రంగు అంటూ ఎప్పుడూ లేదు. లేని విమానానికి ఏ రంగు? అంతా నా బుర్రలోంచి రావలసిందే. మొదట్లో తోక మీద ఒక పాలపిట్టని వేసిన మాట నిజం. మా వంటింటి బల్ల మీద, ఓ శుక్రవారం సెలవు పూట. సలోమి చూసి "కామెర్లొచ్చిన కాకిలా ఉందండీ" అంది. పౌరుషం వచ్చి దాని మీద తెల్లరంగు దట్టంగా పూసేశాను. ఆరాక, అప్పుడు ఆసుపత్రికి తెచ్చాను. ఆ పిట్టని చూసింది నేనూ, సలోమీ. సలోమి మీకు తెలియదు. రోగుల దగ్గర మొగుడి బొమ్మల గురించి కబుర్లు చెప్పే మనిషి కాదు. ఇంట్లో నన్నే చెప్పనివ్వదు.

కట్లు కోసే కత్తితో తోక మీద రంగు గీకాను. నీలం రంగు రెక్క బయటపడింది.

మల్లయ్య ఆశ్చర్యపోలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. "ఆఁ, గదే. పాలపిట్ట కనవడ్డది, ఇగ మంచే అయితదని ఎక్కిన. లేకుంటే గంత పెద్ద కడుపున్నదాంట్ల ఎవడెక్కుతడు సారూ?" అన్నాడు.

అతను ఈ దేశం వచ్చింది నేనా పిట్టని వేయడానికి చాలా ముందు. ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి, కావాలంటే మళ్లీ చదవండి. నేను చాలాసార్లు ఆగాను.

ఇంటికెళ్లి సలోమికి చెబితే ప్రార్థన చేసుకుంటుందనుకున్నాను. చెయ్యలేదు. నర్సు కదా, ముందు రోగి సంగతి చూసింది. "పిట్ట సంగతి తర్వాత. ఆయన జవాజాత్‌లో ఏం చెప్తాడో అది చూడండి. విమానం అంటే మటుకు పంపించేస్తారు" అంది.

నిజమే. ఆ రోజుల్లో లాంచీలో వచ్చానని ఒప్పుకుని, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పూచీ పడితే, జరిమానా కట్టించుకుని కాగితాలు సరిచేస్తున్నారని చెప్పుకునేవారు. విమానంలో వచ్చానని, ముద్ర లేదని అంటే అది పచ్చి అబద్ధం కింద లెక్క. మల్లయ్య కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, కూడా మంచివాడే. ఒక్కసారి లాంచీ అనమను, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు.

మల్లయ్య అననన్నాడు. "నేను దొంగతనంగ అచ్చినోణ్ణి గాదు. సీటుల కూసోని అచ్చిన. లాంచీ అననంటే అనను. పంపుతె నేనచ్చిన గాలిమోటర్లనే పంపాలె. తెప్పియ్యమనుండ్రి."

ఆఫీసులో అతని తెలుగు మార్చి చెప్పే పని నా మీద పడింది. నాకు ఆసుపత్రి అరబ్బీ వచ్చు, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఊపిరి పీల్చు. దానికి కాస్త హిందీ కలిపితే ఏ ఆఫీసయినా దాటొచ్చు. బయల్దేరేటప్పుడు సలోమి నా చొక్కా కాలరు సర్దుతూ, "ఆయన ఏమన్నా సరే, మీరు లాంచీ అని చెప్పేయండి. వీధిలో పిల్లి కనిపిస్తే పులి అని చెప్పే నోరు కదా, ఈ పూట ఒక బావి కోసం వాడండి" అంది.

మల్లయ్య చంకకర్రలతో ముదీర్ కారెక్కి, బొమ్మని ఒళ్లో పెట్టుకున్నాడు. వద్దంటే వినలేదు.

ఆఫీసులో మా ముందు కూర్చున్నది గడ్డం నెరిసిన స్థానికుడు. నవ్వు ముఖం కాదు. ఎలా వచ్చాడు ఇతను, అని అడిగాడు. "గాలిమోటర్ల" అన్నాడు మల్లయ్య, నా వైపు కన్నెత్తి కూడా చూడకుండా. ముదీర్ నా వైపు గుడ్లురిమాడు. లాంచీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అంటే పని అయిపోతుంది. కానీ ఆ గీకిన నీలం రెక్క నన్నే చూస్తోంది.

"తయ్యారా" అన్నాను. విమానం.

ముదీర్ తల పట్టుకున్నాడు. ఏ కంపెనీ విమానం, అని అధికారి. మల్లయ్య బొమ్మని బల్ల మీద పెట్టాడు. అది అలవాటు ప్రకారం తోక మీద చతికిలబడింది. అధికారి వేలితో దాని ముక్కు కిందికి నొక్కి పట్టుకున్నాడు. ఇది ఏ విమానం, అని నన్నడిగాడు. దీన్ని ఎవరూ తయారుచెయ్యలేదు సార్, నేనే చేశాను, అన్నాను. "తయారుచెయ్యని విమానంలో వచ్చాడా?" అన్నాడు. అవునంటున్నాడు సార్, అన్నాను. నా చెమటతో అల్ ఐన్ తోటలన్నీ ఒక పూట తడిసుండేవి.

అధికారి మల్లయ్య వైపు తిరిగాడు. ఎలా ఎక్కావో చూపించు, అన్నాడు.

మల్లయ్య కుడి చంకకర్ర నాకిచ్చాడు. ఆఫీసు మధ్యలో నిలబడి, నడుం వంచి, తల దించి, ఏదో కిందినుంచి దూరుతున్నట్టు ఒక అడుగేసి, కుడి చెయ్యి పైకి చాచి గాల్లో కమ్మీ పట్టుకున్నాడు.

అధికారి బొమ్మ మీంచి చూపు తిప్పకుండా, హిందీలో, "కుడి చెయ్యి కాదు. ఎడమ" అన్నాడు.

నేను తెలుగులోకి మార్చేలోపే మల్లయ్య ఒప్పేసుకున్నాడు. "అవు సారూ, ఎడమ చెయ్యే. కుడి దిక్కు పట్టుకునేతందుకు ఏం లేకుండె. గీ కర్ర ఉన్నదని గిట్ల పట్టిన."

అధికారి పాస్‌పోర్టు తెరిచాడు. ముద్ర కొట్టాడు. సంతకం పెట్టాడు. సార్, మీకెలా, అని నేను మొదలుపెట్టగానే "ఖలాస్. యల్లా" అని తలుపు చూపించాడు. బొమ్మ కోసం చెయ్యి చాచాను. అతని వేలు ఇంకా దాని ముక్కు మీదే ఉంది. తియ్యలేదు. నేనూ అడగలేదు.

ముదీర్ అది వేళాకోళం అన్నాడు. ముసలాయనకి ముచ్చటేసి వదిలేశాడన్నాడు. ఉండొచ్చు. మల్లయ్యది జ్వరం కల కావచ్చు. పాలపిట్ట ఊహ కావచ్చు. ఒక్కొక్కటిగా తెస్తే ఎవరి ముందైనా నేనే కొట్టిపారేస్తాను. మూడూ కలిపి కొట్టిపారేసే మొనగాడు ఇంకా రాలేదు. వస్తే రమ్మనండి, మా ఇంట్లో చేపల పులుసు పెట్టి మరీ వాదిస్తాను. దయ్యాల్ని మాత్రం మధ్యలోకి తేవద్దు. ఇందులో చచ్చినవాడెవడూ లేడు. పుట్టని విమానం ఒక్కటే ఉంది.

మల్లయ్య ఆ తర్వాత దర్జాగా పని చేసుకున్నాడు. బావి బండ పగలగొట్టడానికి సెలవు మీద వెళ్తుంటే అబుదాబి విమానాశ్రయంలో నేనే దిగబెట్టాను. అద్దంలోంచి బయట నిలబడ్డ విమానాన్ని అతను చాలాసేపు చూశాడు. జనం పక్కనున్న మెట్లెక్కి వరసగా లోపలికి పోతున్నారు. అతనికి నచ్చలేదు.

"గిదేం గాలిమోటరు సారూ, పక్కకెల్లి ఎక్కుతున్నరు" అని గొణిగాడు. సంచీ భుజానికెత్తుకుని, మా ఊళ్లో బస్సు వేళ అడిగినట్టు అడిగాడు. "మనది మళ్లెప్పుడు పోతది?"