మళ్ళీచెప్పండిగారి ఇంజెక్షను

మావయ్యగారికి ఏ విషయమైనా ఒక్కసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెప్పినా కాదు. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అన్నది ఆయన ఊతపదం. ఆయన బస్సెక్కి కండక్టర్ని అడగడం మొదలుపెడితే, దిగేలోపల ప్రయాణికులందరికీ ఆ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో కంఠతా వచ్చేసేది. పళ్ళ డాక్టరు "నోరు తెరవండి" అంటే, అది కూడా మూడుసార్లు చెప్పించుకున్న ఘనుడు. వీధిలో ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ ఆయన మళ్ళీచెప్పండిగారు.

ఈ బాధ అందరికన్నా ఎక్కువ పడింది కోడలు. ఆవిడ లెక్కల టీచరు. బళ్ళో నలభైమందికి చెప్పిందే చెప్పి గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే, నలభై ఒకటోవాడు అరుగు మీద కూర్చుని ఉండేవాడు.

"మావయ్యగారూ, పాలు పొయ్యి మీదున్నాయి, చూస్తూ ఉండండి."

"అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు."

ఆవిడ మళ్ళీ చెప్పేలోపల పాలు పొంగిపోయేవి.

"అది ఉద్యోగం నేర్పిన అలవాటమ్మా" అనేవారాయన గర్వంగా. నలభై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసిన మనిషి. పైన మెషీను గదిలో ఒకడు, కింద గుంటలో ఒకడు. పైవాడు "కరెంటు తీశాను" అంటే చాలదు. కిందవాడు దాన్ని మళ్ళీ చెప్పించుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. "తెలియనివాడితో ప్రమాదం లేదమ్మా. తెలియకపోయినా తల ఊపేవాడున్నాడే, వాడితోనే!"

పోయినేడు నడుంనొప్పని ఆసుపత్రికి వెళితే, ప్రోస్టేటు క్యాన్సరని, అప్పటికే ఎముకల్లోకి పాకిందని తేలింది. కోడలు కుర్చీలో వెనక్కి వాలిపోయింది. మావయ్యగారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి."

డాక్టరమ్మకి ఓపిక ఎక్కువ. "మగవాళ్ళ ఒంట్లో తయారయ్యే హార్మోనే ఈ క్యాన్సరుకి మేతండీ. అది తయారుచెయ్యమని మెదడు నుంచి వృషణాలకి కబురు వెళ్తుంది. మూడు నెలలకో ఇంజెక్షను ఇచ్చి ఆ కబురు ఆపేస్తాం. మేత లేక క్యాన్సరు చిక్కిపోతుంది."

రెండోసారి బొమ్మ గీసి చెప్పింది. మూడోసారి చెబుతుంటే ఆయనే అందుకున్నారు. "అంటే పైన మెషీను గదిలో కరెంటు తీసేస్తే కింద లిఫ్టు కదలదు. అంతేనా?"

"అంతే!"

"మరి ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా? సరే, తీయగానే ఆగుతుందా?"

"ఆగదు. మొదటి రెండు మూడు వారాలు హార్మోను కాస్త పెరుగుతుంది కూడా. ఆ పెరిగింది క్యాన్సరుకి అందకుండా ముందునుంచే ఈ మాత్రలు వేసుకోవాలి."

"నయమైపోతుందా?"

"పూర్తిగా పోదండీ. అదుపులో ఉంటుంది. చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎప్పుడైనా లొంగడం మానేస్తే వేరే మందులున్నాయి."

ఇదీ మూడుసార్లు చెప్పించుకున్నారు. మొదటిసారి విన్నప్పుడు కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోసారికి భయం సగానికి సగం తగ్గింది. ఆ సంగతి ఆవిడ అప్పుడు పట్టించుకోలేదు.

ఇంజెక్షను మొదలయ్యాక ఆయనకి ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు పుట్టి చెమటలు పట్టేవి. దాంతో ఇంకో పేచీ మొదలైంది. డాక్టరు గది తలుపు వెయ్యనిచ్చేవారు కాదు. "తీసి ఉంచమ్మా, గాలాడదు" అనేవారు. లోపల ఏసీ ఉంది. అయినా తలుపు బార్లా తెరిచి, గుంటలోంచి పైకి అరిచిన గొంతుతో తన రోగం సంగతులన్నీ అడిగేవారు. బయట బెంచీల మీద ఇరవైమంది మగవాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చునేవారు. కోడలికి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

మూడో ఇంజెక్షను రోజున బెంచీ మీద ఆయన పక్కన ఒక దర్జీ కూర్చున్నాడు. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చేశాడు. అతనిదీ అదే జబ్బు, అదే మందు.

"ఇవాళ ఇంజెక్షను వద్దని చెప్పేసి వెళ్ళిపోతానండీ" అన్నాడు మెల్లగా. "ఇది నాకు పడదు."

"ఏమయింది? డాక్టరమ్మకి చెప్పావా?"

"ఛ ఛ, ఆడమనిషికి ఎలా చెప్తామండీ ఇవన్నీ? ఏమన్నా అడిగితే 'బాగానే ఉంది' అని తల ఊపేసి వస్తున్నా."

తల ఊపేసి అన్న మాట వినగానే మావయ్యగారు నిటారుగా కూర్చున్నారు. "కోడలా, కాసిని మంచినీళ్ళు తేమ్మా" అన్నారు. ఆవిడ నీళ్ళు తెచ్చేసరికి రెండు తలలూ దగ్గరకి చేరి గుసగుసలాడుతున్నాయి. ఇంతలో మావయ్యగారి నంబరు పిలిచారు.

యథాప్రకారం తలుపు బార్లా. డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "రక్తంలో ఈ క్యాన్సరు జోరు చెప్పే పీఎస్ఏ నూట పది నుంచి రెండుకి దిగిందండీ. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి. కాస్త గట్టిగా."

ఆవిడ గట్టిగా చెప్పింది. అప్పుడు మొదలుపెట్టారు మావయ్యగారు. "డాక్టరుగారూ, గిరాకీల ముందు చెమటలు కారిపోతున్నాయి. కత్తెర పట్టుకుంటే ఏడుపొస్తోంది."

కోడలు తెల్లబోయింది. ఈయనకి గిరాకీలెక్కడ? ఈయన కత్తెర పట్టిందెప్పుడు?

"ఇవి ఈ మందుతో చాలామందికి ఉండేవేనండీ. మీరు బలహీనులై కాదు. కాఫీ, టీ తగ్గించండి. రోజూ నడవండి, ఎముకలకీ నీరసానికీ కూడా మంచిది. మరీ ఇబ్బందైతే వేరే మాత్రలున్నాయి. చెప్తేనే కదా ఇస్తాం!"

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పింది.

"అమ్మాయ్, నువ్వు కాసేపు కిటికీ వైపు చూడు." కోడలు తిరిగి, ఎదురు మేడకి ఎన్ని కిటికీలున్నాయో ఎక్కాలతో సహా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "డాక్టరుగారూ, భార్య పక్కనుంటే మనసు కదలడం లేదు. నేనిక మగవాణ్ణి కానేమోనని నామోషీగా ఉంది." ఆయన భార్య పోయి పదకొండేళ్ళు.

బయట హాల్లో దగ్గుతున్నవాడు కూడా దగ్గు మధ్యలో ఆపేశాడు.

"మేత ఆపితే అదీ తగ్గుతుందండీ, మందు పనే అది. మీ తప్పు కాదు, మగతనం ఎక్కడికీ పోలేదు. మీ ఆవిడకి దాచకుండా చెప్పండి, వీలైతే తీసుకురండి. నేను మాట్లాడతాను."

"చెప్పకుండా మానేస్తే?"

"ఆగిన కబురు మళ్ళీ మొదలవుతుంది. క్యాన్సరు మళ్ళీ మేస్తుంది. అందుకే మానేముందు నన్నొక్క మాట అడగండి."

"మళ్ళీ చెప్పండి," అన్నారు మావయ్యగారు, తలుపు వైపు తిరిగి.

కోడలు కిటికీలు లెక్కపెట్టడం ఆపేసింది. తెరిచిన తలుపులోంచి దర్జీ కనబడుతున్నాడు. మెడలో టేపు రెండు చేతులా పట్టుకుని, మెడ ఇటు సాచి ఒక్కో మాటా వింటున్నాడు. అతనొక్కడే కాదు, నేల చూపులు చూసే ఆ ఇరవైమందీ ఇటే చూస్తున్నారు. బస్సు గుర్తొచ్చిందావిడకి. ఆ ఊతపదంలో 'నాకు' అన్న మాటే లేదని అప్పుడు తట్టింది.

ఇంజెక్షను వేయించుకుని వాళ్ళు బయటికొచ్చేసరికి దర్జీ లేచి నిలబడి ఉన్నాడు. చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. కాసేపటికి లోపల్నుంచి అతని గొంతు, వణుకుతూనే, వినబడింది. "అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి."

మావయ్యగారు ఏమీ ఎరగనట్టు జేబురుమాలుతో విసురుకుంటున్నారు.

"మావయ్యగారూ, మీకు మొదటిసారే అర్థమవుతుంది కదూ, అన్నీ?"

"ఏంటమ్మా?"

"మీ కోడల్నని చెప్పుకోవడానికి నాకెంతో గర్వంగా ఉంది."

ఆయన చెవి ముందుకి పెట్టారు. "అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు."

పెళ్ళయ్యాక మొదటిసారి కోడలు విసుక్కోలేదు. బళ్ళో ఆఖరి బెంచీకి వినబడేంత గొంతు పెట్టి, హాలంతా వినేలా మళ్ళీ చెప్పింది.