తెర పక్కన సత్తెమ్మ

మా మానవపాడు నాటక సమాజంలో ఒక పాత కట్టుబాటు ఉంది. సమాజానికి కొత్తగా పెద్ద అయినవాడు ఏడాది పాటు వేషం కట్టకూడదు. తెర పక్కన సత్తెమ్మతో కలిసి కూర్చుని, పద్యం మరిచిన నటుడికి మాట అందించాలి. పట్నంలో దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. 2007లో నేను పెద్దనయ్యేనాటికి, నాకు ముందున్న ఇద్దరు పెద్దలూ ఆమె పక్కన ఏడాది కూర్చుని లేచినవాళ్లే. నేను మాత్రం కూర్చోనన్నాను.

ఎందుకు కూర్చోవాలి? పదకొండేళ్లుగా మంత్రి వేషం నాది. బడిలో తెలుగు పంతులుని. "ఒక్క మాట అందించే పని పడలేదు, అంతా నా యాదిలోనే ఉంది" అని పదిమందిలో మీసం తిప్పేవాణ్ణి. పైగా కళా సంస్థలకు కొత్తగా పెద్దలైనవాళ్ల కోసం హైదరాబాదులో పెట్టిన మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. ఫైలిచ్చారు, పెన్నిచ్చారు, మెడలో వేసుకోవడానికి పేరు రాసిన బిళ్ల ఇచ్చారు. ఆ బిళ్లను బస్సులో మానవపాడు దాకా తీయలేదంటే నా మురిపెం అర్థం చేసుకోండి.

సత్తెమ్మకు అక్షరం ముక్క రాదు. పెనిమిటి మాసయ్య కాలువ పనులకని మేస్త్రీ వెంట ఎక్కడెక్కడికో వలసపోయి, చివరికి దగ్గుతో ఇంటికి తిరిగొచ్చి పోయాడు. ఆమె కూలికి పోతూనే మా సమాజంలో వేషాల బట్టలు ఉతకడానికి కుదురుకుంది. బట్టల మూట పక్కన కూర్చుని వినీ వినీ మా నాలుగు నాటకాలూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఒకసారి మాట అందించే ఆయన జ్వరంతో పడుకుంటే ఆ పూటకు ఈమె కూర్చుంది. ఆ తర్వాత ఆయన్ను పిలవాల్సిన పనే రాలేదు. నేను పెద్దనైన రెండేళ్లకు, 2009 వరదలో మా పెట్టె నాని రాతప్రతులన్నీ ముద్దయిపోతే, ఆమె చెబుతుంటేనే మళ్లీ రాసుకున్నాం. ఒక్క పద్యం కూడా పోలేదు.

అయితే అది తర్వాతి మాట. 2007లో హైదరాబాదు నుంచి దిగిన ఆ ఆదివారం ఆమె సంగతే నాకు గుర్తులేదు. బడిలో అందర్నీ కూర్చోబెట్టి, నల్లబల్ల మీద నిలువు గీత గీసి, ఒకవైపు సమాజం బలాలు, రెండోవైపు బలహీనతలు రాశాను. బలాల్లో మొట్టమొదట మంత్రి వేషం. బలహీనతల్లో మొట్టమొదట రాజు వేషం.

ఆ రాజు వేషం నాగప్పది. డెబ్బై దాటిన మనిషి. కంచు గొంతు. మతిమరుపు మాత్రం ముంచుకొస్తోంది. మే నెలలో గద్వాలలో పోటీలున్నాయి. అక్కడ ఆయన పద్యం మధ్యలో ఆగితే మా పరువు తుంగభద్రలో కలుస్తుందనీ, ఆ వేషం మధుకు ఇద్దామనీ అన్నాను. మధు మా కుర్ర నటుల్లో చురుకైనవాడు. నాగప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ కిరీటం పెట్టుకునే నాలుగు రోజుల కోసమే ఆయన ఏడాదంతా బతుకుతాడని ఊరందరికీ తెలుసు.

వెనక నుంచి సత్తెమ్మ లేచింది.

"సారూ, ఆ రాతల ఏముందో జర సదివి చెప్పు."

చదివాను.

"మరి నన్ను ఏ దిక్కు రాసినవ్?"

బల్ల వైపు చూశాను. ఆమె పేరు ఏ దిక్కూ లేదు. మరుపే ఎరగనని చెప్పుకునేవాణ్ణి, ఆమెను మరిచాను.

"పోనియ్యి," అంది సత్తెమ్మ. "గద్వాలల నాగప్పన్ననే కట్టనియ్యి. నువ్వు నా పక్కన కూసో, మన కట్టుబాటె గద. ఆడ నాగప్పన్న ఆగినట్టు జనానికి తెల్సిందంటె కిరీటం మధుకిచ్చెయ్. నేను గూడ బట్టలు ఉతుకుడు కాడికె పోత."

అప్పుడు నోరు తెరిచాడు నాగప్ప. "తప్పితె కిరీటం నేనె దించి పెడ్త. ఇంకొగలు తీసుడు ఎందుకు?"

ఇద్దరూ అంత మాట అన్నాక కాదనలేకపోయాను. నా మంత్రి వేషం మధుకు పోయింది. నేను పోయి నేల మీద కూర్చున్నాను.

మొదటి రోజే నాగప్ప ఒక క్షణం ఆగాడు. నేను తరగతిలో చెప్పినట్టు పద్యపాదం మొత్తం గట్టిగా అందుకున్నాను. ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగాడు. మిగతా పద్యం కూడా ఎగిరిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను హార్మోనియం మోత మీద నెపం పెట్టాను.

సత్తెమ్మ కోప్పడింది. "బువ్వ తినవెట్టమంటె మూతికి పూసినట్టుంది నీ పని! యాది చేస్కునేటోని నడ్మల జొర్రితె ఉన్నది గూడ పోతది సారూ. మొఖం జూడకు. కాళ్లు జూడు."

మా పక్క తెర నేలకు జానెడు పైన ఆగిపోతుంది. దాని వెనక కూర్చుంటే కనిపించేవి కాళ్లే. నాగప్ప కుడికాలి బొటనవేలు నేలను రాస్తోందంటే పద్యాన్ని వెతుక్కుంటున్నాడని అర్థం. దొరుకుతుంది, మనం ఊరుకోవాలి. వేలు ఆగిపోయి, రెండు పాదాలూ బిగుసుకున్నాయంటే దారి తప్పాడు. అప్పుడు మొదటి మాట ఒక్కటి, హార్మోనియం స్వరం మారే సందులో అందించాలి. రెండోది ఇవ్వకూడదు.

"మనం ఇచ్చినట్టు వానికి గూడ తెల్వద్దు," అంది.

"తెలిస్తే ఏమవుతుంది?"

"రేపటి సంది మన దిక్కె జూస్తడు. జనం దిక్కు జూడడు."

నా ఫైలంతా వెతికినా ఈ మాట లేదు.

మూడు నెలలు నేర్చుకున్నాను. తొందరపడినప్పుడల్లా ఆమె నా మణికట్టు పట్టుకునేది. చెయ్యి తీసేస్తే అందించమని. ఒకరోజు సాధనలో మధు మంత్రి పద్యం చదువుతుంటే, మూడో పాదం దగ్గర సత్తెమ్మ పెదవులు కదిలాయి, మెల్లగా ఒక మాట పలికింది. మధు ఆగనే లేదు, పాడుకుంటూ పోయాడు.

"ఇక్కడెందుకు అందించావు?" అన్నాను.

"అలవాటు సారూ," అని నవ్వి తల తిప్పుకుంది. నేను పట్టించుకోలేదు.

గద్వాలలో మా వంతు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. షామియానా కింద ఉడికిపోతున్నా జనం కదలలేదు. రాజు కోట విడిచి వెళ్లే ఘట్టంలో నాగప్ప పెద్ద పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు కంచు మోగినట్టు వచ్చాయి. మూడో పాదానికి ఆగాడు.

బొటనవేలు నేలను రాస్తోంది. నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. సత్తెమ్మ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. హార్మోనియం వాయించే ఆయన రాగం సాగదీస్తున్నాడు. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని తలలూపుతున్నారు. వేలు ఆగిపోయింది. పాదాలు బిగుసుకున్నాయి. ఆమె వైపు చూశాను. తను అందిస్తుందనుకున్నాను. సత్తెమ్మ నా మణికట్టు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

స్వరం మారే సందు కోసం ఆగి, ఒకే ఒక్క మాట అందించాను.

పాదాలు కదిలాయి. మూడో పాదం, నాలుగో పాదం వరదలా వచ్చాయి. వన్స్ మోర్ అని అరిచారు జనం. రెండోసారి ఆయన ఎక్కడా తడబడకుండా పాడాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నిసార్లు చప్పట్లు కొట్టించుకున్నా అంత సంతోషం ఎరగను.

నాటకం అయ్యాక నాగప్ప కిరీటం చంకలో పెట్టుకుని, చెమటలు కారుతూ పిల్లాడిలా మా దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు.

"జూసినవా దశరథం! ఒక్క మాట అందిచ్చే పని వడలె. అంత నా యాదిలనె ఉంది!"

'నేను అందించాను కదయ్యా' అనే మాట గొంతు దాకా వచ్చింది. సత్తెమ్మ అప్పటికే బట్టలు మడతపెట్టడంలో పడింది, తల ఎత్తలేదు. "అవును నాగప్పన్నా, అందించే పని పడలేదు," అన్నాను. ఆయన కిరీటాన్ని పెట్టెలో పెట్టలేదు, అలాగే ఊరికి పట్టుకుపోయాడు.

ఆయన వెళ్లాక ఆ మాటలు నాకు మళ్లీ వినిపించాయి. ఒక్క మాట అందించే పని పడలేదు, అంతా నా యాదిలోనే ఉంది. పదకొండేళ్లుగా నేను చెప్పుకున్న మాటలే, అక్షరం పొల్లుపోకుండా. మంత్రి పద్యం మూడో పాదం దగ్గర కదిలిన ఆ పెదవులు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అంతదాకా పేరు పెట్టి పిలిచిన మనిషి పక్కన కూలబడి అడిగాను.

"అక్కా, నాకు ఎన్నిసార్లు అందిచ్చినవ్?"

సత్తెమ్మ నా కాళ్ల వైపు ఒకసారి చూసింది.

"నీకేంటికి అందిస్త సారూ? నీ యాది గట్టిది," అంది. రాజుగారి పట్టుబట్ట కొస నా చేతికిచ్చి, "జర ఇది పట్టు," అంది.