‘కాలి’ అంటే నిన్నా, రేపా?

రిటైరవడానికి మూడేళ్ల ముందు, వానలు మొదలైన నెలలో, ఒడిశాలోని రాయగడలో పనిచేస్తున్న నన్ను ఒక చిన్న పట్టణపు పురపాలక కార్యాలయానికి విచారణాధికారిగా పంపారు. ఊరి పేరు రాయను. అక్కడ కొందరికి ఇంకా పరువు మిగిలి ఉంది. విచారణాధికారి శిక్ష వేయడు. ఆరోపణ రుజువైందో లేదో రాసి పైకి పంపుతాడు. పైవాళ్లు చదవకుండానే సంతకం పెడతారు కనుక తేడా పెద్దగా ఉండదు.

ఆరోపణ వీధులూడ్చే అప్పలనరసమ్మ మీద. తండ్రి కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఒకరోజు అనుమతి లేకుండా పనికి రాలేదట. ఒక్కరోజుకే ఇంత హడావుడా అంటే, ఆమెకు అంతకుముందే రెండు హెచ్చరికలున్నాయి. విచారణ తేలేదాకా పనిలోంచి ఆపారు. మూడో తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

సాక్ష్యమల్లా ఒక చీటీ. కూతుర్ని లమ్తపుట్‌లో అత్తవారింట దిగబెట్టడానికి సెలవు కావాలని, పక్కింటాయన చేత ఒడియాలో రెండు ముక్కలు రాయించి, ఊడ్చేవాళ్ల హాజరు చూసే జమాదారుకిచ్చింది: ‘కాలి ఛుటి’. ఛుటి అంటే సెలవు. తేదీ లేదు. ఒడియాలో కాలి అంటే నిన్న కావచ్చు, రేపూ కావచ్చు. రేపు అయితే ముందే సెలవడిగినట్టు. నిన్న అయితే ఎగ్గొట్టి, తర్వాత తీరిగ్గా చీటీ ఇచ్చినట్టు. అది తన చేతికి ఎప్పుడందిందో జమాదారుకు జ్ఞాపకం లేదట. ఆయన జ్ఞాపకశక్తి మీద ఎవరూ విచారణ వేయలేదు.

ఆఫీసు తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసరు మిశ్రా బాబు. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. అవి ఇంకా అలమారులో ఉన్నాయని నాకు రెండుసార్లు చెప్పాడు. గంటసేపు వాదించాడు. క్రమశిక్షణ లేనివాళ్లు ముందుగా సెలవడగరు, ఈమెకు క్రమశిక్షణ లేదు, కాబట్టి ముందుగా అడగలేదు, కాబట్టి కాలి అంటే నిన్న. క్రమశిక్షణ లేదని ఎలా తెలిసింది? ముందుగా అడగలేదు కదా. తర్కంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు: దీనికి రుజువు అది, దానికి రుజువు ఇది. కొత్త ఉద్యోగుల శిక్షణలో ఆ పాఠం చెప్పింది నేనే. అయినా తలూపుతూ కూర్చున్నాను. ఆయన గొంతు అంత బాగుంది.

చివర్లో, చెప్పుకునేదేమైనా ఉందా అని అడగడం నియమం. అడిగాను. అప్పలనరసమ్మ కొంగుముడి విప్పి ఒక కాగితం తీసి మిశ్రా బాబు ముందు పెట్టింది.

“ఇదేటి బాబూ? నిన్న మీరు ప్యూన్ సేత అంపిన సీటీ. ‘కాలి, పదకొండు గంటలకు హాజరు’ అనుందని ఆ ప్యూనే సదివి సెప్పేడు. కాలి అంటే నిన్నే అయితే నానియ్యాల ఎందుకొచ్చేను? మీరెందుకొచ్చేరు?”

అది ఆఫీసు భాష, అక్కడ సందర్భాన్ని బట్టి రేపు అనే అర్థం చేసుకోవాలి అన్నాడు మిశ్రా బాబు.

“అయితే ఆఫీసరు రాస్తే రేపు, ఊడ్సేది రాయిస్తే నిన్నా బాబూ?”

గొంతు పెంచకుండానే అడిగింది. కప్పులు గెలిచిన మనిషి మంచినీళ్లు తాగాడు. గంట వాదనలో ఆయన తాగిన మొదటి గ్లాసు అదే.

రుజువు కాలేదని రాసి పంపాను. ఎప్పటిలాగే సంతకం పడింది, వారానికి ఆమె పనిలో చేరింది. ఈ సంగతి విన్నవాళ్లు నా న్యాయబుద్ధిని మెచ్చుకుంటారు. వాళ్లకు నేను చెప్పనిది ఒకటుంది. ఆ ఉదయం విచారణ గదిలోకి వెళ్లేసరికే నా సంచిలో నివేదిక సిద్ధంగా ఉంది, నా సంతకంతో సహా. అందులో ‘రుజువైంది’ అని ఉంది. ఫైల్లో ఆమె చీటీ చూడగానే నేనూ నిన్న అనే చదివాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక మాటకు రెండర్థాలున్నప్పుడు, అది పలికిన మనిషి హోదా చూసి మనం అర్థం ఎంచుకుంటాం; తర్కం ఆ తర్వాత వెతుక్కుంటాం. మిగిలిన మూడేళ్లలో ఎదుటి మనిషి మాట పూర్తిగా వినకముందు నేను ఒక్క నివేదికా రాయలేదు.