పట్టాల చివర పెదనాన్న

నేను గీసిన బొమ్మల్లో ఫ్రేము కట్టించుకున్నది ఒకే ఒక్కటి. నేను చేసిన అతిపెద్ద ఘోరం కూడా అదే. మీరు హాయిగా నవ్వుకోండి, చెబుతున్నప్పుడు నేనూ నవ్వాలనే మొదలుపెడతాను.

ఎనభైల్లో తెనాలిలో డ్రాయింగు నేర్చుకునేదాన్ని. దూరపు కొండలు నునుపని లోకం అంటే, దూరపు కొండలు చిన్నవని మా మాస్టారు అన్నారు. పక్కపక్కన సాగే గీతలు దూరం పోయేకొద్దీ దగ్గరై ఒక చుక్కలో కలిసిపోతాయట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, ఇంట్లో మంచాన్నీ, బెంచీనీ, చివరికి అమ్మ చీరలారేసిన దండేన్నీ ఆ చుక్కలోకి లాగేశాను.

అప్పుడే రేపల్లె నుంచి పెదనాన్న, పెద్దమ్మ వచ్చారు. ఆయన రైల్వేలో కీమ్యాన్. రోజూ సుత్తి భుజానేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులు బిగించడం పని. ఆయనకున్న ఒక్క ఫోటోలోనూ కళ్లు మూసుకుని ఉన్నాడు.

“నువ్వు గీస్తే కళ్లు తెరిపించొచ్చు గదమ్మా,” అంది పెద్దమ్మ.

వారం రోజులు గీశాను. పట్టాలు, కంకర, తీగల స్తంభాలు, అన్నీ స్కేలు పెట్టి లెక్క ప్రకారం. పెదనాన్నను దూరంగా, పట్టాల మధ్య నిలబెట్టి, సూత్రం ఒప్పుకున్నంత ఎత్తే ఇచ్చాను. బియ్యపు గింజంత!

ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. “రాయి రాయీ దిగిందమ్మాయ్. నేనేడి?”

పెన్సిలు మొనతో చూపించాను.

“ఇటొస్తన్నానా, అటెళ్తన్నానా?”

అంత దూరంలో తెలియదనీ, సూత్రం అంతేననీ చెప్పాను. ఆయన నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. నా డ్రాయింగు పరీక్ష అయ్యాక ముఖం పెద్దగా గీసిస్తానని మాటిచ్చాను.

పరీక్ష అయింది. ఆ వానల్లోనే జ్వరమొచ్చి పెదనాన్న పోయాడు. నేను గీయనే లేదు.

వాళ్లింట్లో అందరూ చేరి ప్రార్థన చేసే ఆదరణ కూడిక నాడు ఫోటో పెట్టనివ్వలేదు పెద్దమ్మ. కళ్లు మూసుకున్న మనిషిని ఇంక చూడలేనంది. గోడకు నా బొమ్మే తగిలించింది. వచ్చినవాళ్లందరూ నా కంకర చూసి వెళ్తున్నారు. సిగ్గుతో, ఏడుపుతో తలుపు చాటున నిలబడ్డాను.

“ఆయనెక్కడమ్మా ఇందులో?” అన్నారు పాస్టరుగారు.

పెద్దమ్మ అద్దం మీద వేలు పెట్టింది. “ఇదిగోనండి. డ్యూటీ దిగి ఇంటికొస్తన్నారు.”

కాబట్టి పాఠకులారా, అరిగిపోయిన ఆ పెన్సిలు ముక్క మీద ఒట్టేసి ప్రకటిస్తున్నాను. ఇకమీదట నా బొమ్మల్లో అయినవాళ్లను దూరంగా నిలబెట్టను. మాస్టారు సున్నా వేసినా సరే, ముందు ముఖం గీసి ఆ తర్వాతే పట్టాలు వేస్తాను.