మంచు చదివిన మైన్‌రాడ్

మా లోయలో మంచు గురించి మైన్‌రాడ్‌కి తెలియనిది లేదు. ఈ మాట మొదట అన్నది మైన్‌రాడే. తరవాత ఇరవై ఏళ్లుగా అంటూ వచ్చిందీ ఆయనే. టిరోల్ కొండల్లో మా ఊరికి మాంసం కొట్టు ఆయనది. సాసేజీలు బాగా చేస్తాడు, కాదనను. కానీ కత్తి నూరుతూ మంచు చరియల మీద ఉపన్యాసం మొదలెట్టాడంటే, అరకిలో మాంసానికి వెళ్లిన మనిషికి అరపూట గోవిందా.

ఆ డిసెంబరులో ఊరి సహాయ దళం వాళ్లంతా మళ్లీ శిక్షణకి రావాలన్నారు. రొట్టెలు కాల్చుకునే నేనూ వెళ్లాను, మైన్‌రాడూ వచ్చాడు. నేర్పేది బుర్గా. ఊళ్లో ఉత్తరాలు పంచుతుంది, మైన్‌రాడ్‌తో ఒకే బడిలో చదివింది, ముప్ఫై ఏళ్లుగా మంచు కింద మనుషుల్ని వెతుకుతోంది.

"ఉత్తరాలు పంచేదాని దగ్గర నేను కొండ నేర్చుకోవాలా?" అని గొణిగాడు మైన్‌రాడ్, అందరికీ వినబడేలా.

"తప్పు ఇంటికి పోకుండా ఎలా ఉండాలో నేర్పుతాలే, కూర్చో," అంది బుర్గా.

కొండెక్కే ప్రతివాడూ ఛాతీకి ఒక చిన్న పెట్టె కట్టుకుంటాడు. నడిచినంతసేపూ అది సిగ్నల్ పంపుతుంది. తోటివాడు మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు తమ పెట్టెల్ని వెతికే వైపు తిప్పుకోవాలి. అప్పుడు బాణం గుర్తు దారి చూపిస్తుంది. బుర్గా ఒక పెట్టెని సంచీలో పెట్టి మంచులో పాతేసి, "పావుగంట దాటితే కిందున్నవాడు దక్కడం కష్టం. కానివ్వండి," అంది.

మేం తిప్పుకున్నాం. మైన్‌రాడ్ మాత్రం తన పెట్టె తిప్పకుండానే, "నా వెనకే రండ్రా!" అంటూ పరిగెత్తాడు. చిత్రంగా మా బాణాలన్నీ ఆయన్నే చూపించాయి. ఆయన ఎడమకి పోతే ఎడమకి, కుడికి పోతే కుడికి. చివరికి ఐదుగురం ఆయన బూట్ల చుట్టూ, మంచు కింద మనిషిని తడిమే పొడవాటి కడ్డీలతో గుచ్చడం మొదలెట్టాం.

"నా కాళ్లు పొడుస్తారేంట్రా, వెధవల్లారా!"

బుర్గా పావుగంటా జరగనిచ్చి గడియారం చూసుకుంది. "సంచీ చచ్చిపోయింది. మైన్‌రాడ్ మాత్రం దొరికాడు, ప్రాణాలతో."

తన పెట్టె అంతసేపూ సిగ్నల్ పంపుతూనే ఉందని ఒప్పుకోకుండా, పెట్టెలో లోపం ఉందన్నాడాయన. కానీ ఆయన భార్య ఫిలోమీనా మర్నాడు నా కొట్టుకొచ్చి, "పెరట్లో తనే పెట్టె పాతి తనే వెతుక్కుంటున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకే చెబుతున్నా," అంది. నెలంతా అదే పని.

ఫిబ్రవరిలో రెండ్రోజులు ఈడ్చి కొట్టింది గాలి. మూడోరోజు పొద్దున ఉత్తరాలిస్తూ బుర్గా, మైన్‌రాడ్ కొట్టు గుమ్మంలో స్కీలు చూసింది.

"ఉత్తరపు వాలు మీదికి పోకు మైన్‌రాడ్. గాలి అక్కడ కొత్త మంచుని పలకలా పేర్చిపెట్టింది. కింద పట్టు లేదు."

"నీ ఉత్తరాలు నువ్వు చూసుకో."

ఉత్తరపు వాలుకే పోయాడు. బామ్మర్ది సెవెరిన్‌ని కూడా తీసుకుపోయాడు. చర్చిలో ఆర్గన్ వాయించే సెవెరిన్ ఎవరికీ ఎదురు చెప్పడం ఎరగడు.

సగం వాలులో కాళ్ల కింద ధబ్‌మని చప్పుడైంది.

"బావా, కింద ఏదో కుంగింది."

"మంచు సర్దుకుంటోందిలే, పద."

పది అడుగులు వేశారో లేదో, వాలు అద్దంలా పగిలింది. అంచున ఉన్న మైన్‌రాడ్‌ని వదిలేసి సెవెరిన్‌ని మింగింది.

తరవాతి సంగతి మైన్‌రాడ్ నాకొక్కడికే, ఒక్కసారే, నా పిండి బస్తాల మీద కూర్చుని చెప్పాడు. పెట్టె తిప్పబోతే వేలు రెండుసార్లు జారిందట. బాణం వెంట పోయి, మోకాళ్ల మీద పడి, పెట్టెని మంచుకి ఆనించి పాకాడు. ఆరో పోటుకి కడ్డీ మెత్తగా తగిలింది. నెత్తిమీంచి తవ్వకుండా, బుర్గా చెప్పినట్టు కిందివైపు నుంచి తొలిచాడు, తనని తనే బూతులు తిట్టుకుంటూ. తొమ్మిది నిమిషాలు. నీలం తిరిగిన మొహం బయటపడింది. నోట్లో కుక్కుకున్న మంచు వేళ్లతో తీశాడు. సెవెరిన్ దగ్గి కళ్లు తెరిచాడు.

"సర్దుకుందా, బావా?" అన్నాడు.

హెలికాప్టర్ వచ్చింది. సెవెరిన్‌కి కాలు విరిగింది. మైన్‌రాడ్ వీరుడైపోయాడు. ఇద్దరూ అక్కడికెందుకు పోయారని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. వీరుడు దొరికాక అలాంటివెవరడుగుతారు?

ఏప్రిల్లో అగ్నిమాపక దళం హాల్లో మేయరు పతకం తెచ్చి ధైర్యం గురించి చాలాసేపు మాట్లాడాడు. చంకలో కర్రతో సెవెరిన్ లేచాడు.

"తవ్వి తీసింది మా బావే. పూడ్చిందీ మా బావే. రెండోది కూడా రాసుకోండి."

జన్మలో సెవెరిన్ ఎదురాడటం అదే మొదలు. మైన్‌రాడ్ ఎర్రబడ్డాడు. "నిజమే. పోవద్దని బుర్గా చెప్పింది, నేను వినలేదు. వెతకడం నేర్పిందీ ఆవిడే. నాకీ పతకం వద్దు." ఇరవై ఏళ్లలో ఆయన ఇంత తక్కువ మాట్లాడింది అప్పుడే.

మేయరు దిక్కుతోచక వెనక వరసలోకి చూశాడు. బుర్గా అక్కడి విందులో రెండో ప్లేటు తింటోంది. "నా వైపు చూడకండి. నాకు పొద్దున్నే పని," అంది.

ఫోటో తీసేవాడు గడియారం చూసుకుంటున్నాడు. మేయరు చటుక్కున పతకం మైన్‌రాడ్ మెడలోనే వేసేశాడు. వీరుడి వినయానికి సభ కంటతడి పెట్టిందని మర్నాడు పత్రికలో రాశారు. ఫోటోలో సెవెరిన్ లేడు. అతని చంకకర్ర కొన మాత్రం ఒక మూల పడింది.