నిద్రలో వల లాగే ఎర్రయ్య

2010 వర్షాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. హిందీ డాక్టర్లకూ తెలుగు రోగులకూ మధ్య మాట మోసే పని కూడా నాదే. ఉద్యోగం పర్మనెంట్ అయింది గాని, నా హిందీ వ్యాకరణం ఇంకా టెంపరరీగానే ఉండేది.

ఒక ఉదయం ఆస్టినాబాద్ నుంచి ఎర్రయ్యను తీసుకొచ్చారు. డెబ్బై దాటిన జాలరి, వేట మానేసిన మనిషి. ఇంట్లో ఎవరో పిల్లలు కూర్చున్నారని, వాళ్లకు అన్నం పెట్టలేదని భార్యమీద కేకలట. ఒక పూట మామూలుగా ఉంటాడు, మరో పూట కొడుకునే గుర్తుపట్టడు. వార్డులోకి రాగానే సెలైన్ సూది పీకేశాడు.

"నీంద్ కా ఇంజెక్షన్ ఇచ్చేయమనండి సిస్టర్, నిద్రపోతాడు. అమ్మను కూడా తోసేశాడు," అన్నాడు కొడుకు.

డాక్టరు హాలోపెరిడాల్ రాశారు. గోల చేసే రోగిని నెమ్మదింపజేసే మందు అది. సిరంజిలోకి ఎక్కిస్తుండగా, నిద్ర ఎలా పడుతుందో భార్యను అడగమన్నారు.

"నిద్దరేటి సిస్టరమ్మా," అంది నూకాలమ్మ. "ఏళ్ల తరబడి నిద్దట్లో వల లాగుతాడు. ఓపాలి నా కొప్పట్టుకుని లాగీసినాడు. మావోళ్లంతా అంతే. వలోడు కలలో వల లాగక కలం పడతాడేటి?"

నవ్వేశాను.

"క్యా బోలీ?" ఆమె ఏమందని అడిగారు డాక్టరు.

జోకే కదా అని ఆ మాటలు హిందీలో చెప్పాను. ఆయన నవ్వలేదు. సిరంజి పక్కన పెట్టమన్నారు.

కలగనేటప్పుడు ఒళ్లు కదలకుండా మెదడే కట్టేసి ఉంచుతుందట. ఆ కట్టు ఊడి, కలలో చేసేది ఒంటితోనూ చేసేవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత లూయీ బాడీ డిమెన్షియా లాంటి మెదడు జబ్బు వస్తుందట. మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ఉండలు కడుతుంది. లేనివాళ్లు కనబడతారు, తెలివి వచ్చిపోతుంటుంది. అలాంటివాళ్లకు హాలోపెరిడాల్ పడితే ఒళ్లు కొయ్యబారి ప్రాణం మీదికి రావచ్చు.

"ప్రొటీనా? అయితే చేపలు మానిపించాలా?" అన్నాడు కొడుకు. అదే అడగబోయి నేను ఆగాను. తిండికీ దీనికీ సంబంధం లేదన్నారు డాక్టరు.

ఇంజెక్షన్ మాని, వెలుతురున్న మంచం ఇచ్చి, నూకాలమ్మను పక్కన కూర్చోబెట్టాం. వేరే మాత్రలు మొదలయ్యాయి. ఆయనకు కనబడే ఆ లేని పిల్లల గురించి వాదించొద్దన్నారు డాక్టరు.

కొన్ని నెలలకు ఓపీలో కనిపించాడు.

"ఇంకా గుంటలొస్తన్నారా మావయ్యా?" అని ఆ పిల్లల గురించి అడిగాను.

"అప్పుడప్పుడొస్తన్నారు. గోల సెయ్యరు. నేనూ సెయ్యట్లేదు."

పగటి మనిషి గురించి ఇంటివాళ్లు అన్నీ చెబుతారు. నిద్రలోవి మాత్రం అలవాటనుకుని వదిలేస్తారు. అప్పటినుంచి పెద్దవయసు రోగుల భార్యలను, మీ ఆయన నిద్రలో ఏం చేస్తాడని అడుగుతున్నాను. కొందరు సిగ్గుపడతారు. నేనూ పడతాను. జవాబు వచ్చేదాకా మాత్రం సిరంజి ముట్టుకోను.